ఎర్ర లైటు, మైనస్ ఇరవై ఆరు: మున్నేకొళాలలో మా ఫైబర్ లైన్ బాగైన తీరు

ఏప్రిల్ ఆఖరి వారంలో తొలి వాన పడ్డ సాయంత్రం రౌటర్ మీద ఎల్ఓఎస్ (లాస్ ఆఫ్ సిగ్నల్, అంటే సిగ్నల్ పోయిందని) రాసి ఉన్న చోట ఎర్ర లైటు వెలిగింది. రెండు నిమిషాల్లో దానంతటదే ఆరిపోయింది. ఆ వారమంతా అదే వరస. ఎప్పుడో ఒకప్పుడు నెట్ తెగడం, నిమిషమో రెండు నిమిషాలో ఆగి తిరిగి రావడం. దీనికి తోడు రాత్రి ఎనిమిది దాటితే పడగ్గదిలో వీడియో కాల్ ఆగి ఆగి నడిచేది. బెంగళూరులో మారతహళ్లి పక్కన మున్నేకొళాలలో మూడో అంతస్తు అద్దె ఇల్లు మాది. చుట్టూ పీజీ హాస్టళ్లే. ప్లాన్ 200 ఎంబీపీఎస్, నెలకు 799 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ వీధి వీధికీ లైన్ చూసుకునే లోకల్ ఆపరేటర్ వేరు కాబట్టి, అదే కంపెనీ పక్క వీధిలో బ్రహ్మాండంగా నడుస్తూ ఉండొచ్చు.

ముందే చెప్పేస్తాను. నెట్ తెగడం వేరు, నెమ్మదించడం వేరు. మా ఇంట్లో రెండూ ఒకేసారి ఉన్నాయి, రెండింటి కారణాలూ వేరు. కస్టమర్ కేర్‌కి "నెట్ బాగా రావట్లేదు" అని చెబితే వాళ్లు రెండింటినీ కలిపేసి ప్లాన్ మార్చుకోమంటారు. నాకూ అదే చెప్పారు: 300 ఎంబీపీఎస్ తీసుకుంటే బాగుంటుందట. ఫైబర్‌లో నెట్ వెలుతురు రూపంలో వస్తుంది. ఆ వెలుతురే సరిగా రానప్పుడు ప్లాన్ పెంచి చేసేదేమీ లేదు.

ఫోన్‌లో మొదట చెప్పేది రీస్టార్ట్ చేయమని. చేయండి, నష్టం లేదు: స్విచ్ ఆపి అర నిమిషం ఆగి వేస్తే చాలు. కానీ వెనక సన్న రంధ్రంలో ఉండే రీసెట్ బటన్ మాత్రం వాళ్లు చెప్పినా నొక్కొద్దు. అది నొక్కితే కంపెనీ వేసిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు అన్నీ చెరిగిపోతాయి. కొన్ని డబ్బాలు అవతలి నుంచి సెట్టింగులు మళ్లీ లాక్కుంటాయి, కొన్ని లాక్కోవు. లాక్కోకపోతే అప్పటిదాకా ఆగి ఆగి వచ్చిన నెట్ లైన్‌మన్ వచ్చేదాకా అసలే ఉండదు.

ఇంకో మాట. ఫోన్ చేసే ముందు పక్కింటి వాళ్లని అడగండి. బెంగళూరులో కరెంటు స్తంభాల మీద, చెట్ల కొమ్మల మీద వేలాడే కేబుళ్లని బెస్కాం (కరెంటు సంస్థ) వాళ్లో పాలికె (నగర పాలక సంస్థ) వాళ్లో కోసేసిన రోజున, లేదా రోడ్డు తవ్విన రోజున, వీధి వీధంతా పోతుంది. అప్పుడు ఇంట్లో మీరు చేయగలిగింది ఏమీ లేదు. మా విషయంలో పక్క ఫ్లాట్‌లో అదే కంపెనీ నెట్ బాగానే ఉంది. అంటే లోపం మా ఒక్కరి వైరులోనే ఉండాలి.

లైట్ల సంగతి. పాన్ అనే పచ్చ లైటు కదలకుండా వెలుగుతుంటే ఫైబర్‌లో వెలుతురు వస్తోంది, అవతలి యంత్రంతో మాట కలిసింది అని అర్థం. అది మిణుకుమంటుంటే ఇంకా కలవలేదని. ఎల్ఓఎస్ ఎర్రగా మిణుకుమంటే వెలుతురు చాలడం లేదు, లేదా అసలే లేదు. పాన్ నిలకడగా ఉండి ఇంటర్నెట్ లైటు మాత్రం వెలగకపోతే అది వైరు గొడవ కాదు. బిల్లు బకాయో, లాగిన్ సమస్యో, కంపెనీ సర్వర్ సమస్యో అయి ఉంటుంది. ఫోన్‌లో ఇది స్పష్టంగా చెప్పగలిగితే సగం ప్రశ్నలు తప్పుతాయి.

కొలత లేకుండా మాట్లాడితే ఎవరూ వినరు

కంప్లైంట్ ఇచ్చాక 24 గంటల్లో మనిషి వస్తాడన్నారు. వచ్చేసరికి మూడో రోజైంది. ఈ లోపు చేసిన కొలతలే తర్వాత పనికొచ్చాయి.

ఏ కొలతకైనా ముందు వైఫైని పక్కన పెట్టాలి. ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి కలపాలి. ఇప్పటి సన్న ల్యాప్‌టాప్‌లకి ఆ పోర్టు ఉండదు కాబట్టి యూఎస్‌బీ అడాప్టర్ కావాలి. గిగాబిట్ రకమే కొనండి. వందల రూపాయల్లోనే వస్తుంది. ఇంకా చవకగా దొరికేవి 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతాయి, దాన్ని చూసి లైన్ చెడిందనుకుంటారు.

కలిపాక కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ (అవతలి యంత్రం ఎంతసేపట్లో జవాబిస్తుందో చూసే పరీక్ష) మూడు కిటికీల్లో నడపాలి. విండోస్‌లో చిరునామా తర్వాత హైఫన్, టి అక్షరం పెడితే మనం ఆపేదాకా నడుస్తుంది. మొదటి కిటికీలో రౌటర్ చిరునామా, సాధారణంగా 192.168.1.1. రెండో దాంట్లో కంపెనీ వాళ్ల మొదటి మజిలీ. ట్రేస్‌రూట్ (మజిలీల జాబితా చూపేది, విండోస్‌లో tracert) కొడితే రెండో వరసలో కనిపించే చిరునామా అదే, చాలాసార్లు 10తోనో 100తోనో మొదలవుతుంది. మూడో దాంట్లో 8.8.8.8, అది గూగుల్ సర్వర్.

చదవడం తేలికే. రౌటర్ పింగే ఎగిరి పడుతుంటే తప్పు ఇంట్లో ఉంది: కేబులో, వైఫైయో, రౌటరో. రౌటర్ ఒక మిల్లీసెకను దగ్గర నిలకడగా ఉండి రెండోది తెగుతుంటే తప్పు చాలావరకు ఫైబర్‌లో ఉంటుంది. మొదటి రెండూ బాగుండి మూడోది మాత్రమే తెగుతుంటే అది కంపెనీ అవతలి వైపు గొడవ, లైన్‌మన్ చేతిలో లేదు. మాకు రౌటర్ పింగ్ బాగుంది, మిగతా రెండూ ఒకే క్షణంలో తెగి ఒకే క్షణంలో వచ్చాయి. తెగడం అనే సమస్య ఇంటి బయటిదో, ఇంట్లోకి వచ్చే ఫైబర్‌దో అని అక్కడే తేలిపోయింది.

స్పీడ్ టెస్ట్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. టెస్ట్ చేసే సర్వర్ చాలాసార్లు మన కంపెనీ సొంత నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. అందుకే అక్కడ 200 చూపిస్తుంది, బయట వీడియో ఆగుతుంది. సర్వర్ మార్చి ఇంకో ఊరిది ఎంచుకుని ఒకసారి, నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల మీద కొలిచే ఫాస్ట్ డాట్ కామ్‌లో ఒకసారి చూడాలి. పొద్దున్నే ఆరింటికి ఒకటి, రాత్రి తొమ్మిదిన్నరకి ఒకటి. వైరు మీద కూడా రాత్రి పడిపోతుంటే కంపెనీ దగ్గర రద్దీ అన్నమాట. మాకు వైరు మీద రాత్రి కూడా 180 దాటే వచ్చింది. అంటే పడగ్గది నెమ్మదితనం లైన్‌ది కాదు.

ఇక అసలు అంకె. రౌటర్ అడుగున అతికించిన కాగితం మీద లాగిన్ వివరాలుంటాయి. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి లోపలికి వెళ్లి, స్టేటస్ కింద ఆప్టికల్ సమాచారం అనే పేజీ వెతకండి. డబ్బా కంపెనీని బట్టి పేరు మారుతుంది. అక్కడ ఆర్ఎక్స్ పవర్ అని, అంటే రౌటర్‌కి అందే వెలుతురు ఎంతో, డీబీఎం అనే కొలతలో ఉంటుంది. అది మైనస్ అంకె. సున్నాకి దగ్గరయ్యే కొద్దీ వెలుతురు ఎక్కువ. ఇళ్లకి వచ్చే జీపాన్ (ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే పద్ధతి) ఫైబర్‌లో మామూలు డబ్బా మైనస్ 8 నుంచి మైనస్ 27 దాకా భరిస్తుంది. కానీ మైనస్ 25 దాటిందంటే అంచు మీద నడుస్తున్నట్టే. ప్రతి 3 డీబీకీ వెలుతురు సగానికి పడిపోతుందని గుర్తుంచుకుంటే ఈ అంకెల బరువు తెలుస్తుంది.

మాకు ఎండ రోజున మైనస్ 26.4 ఉంది. వాన మొదలయ్యాక పేజీని మళ్లీ మళ్లీ తెరిచి చూస్తే మైనస్ 27 దాటింది, ఆ తర్వాత ఎర్ర లైటు వచ్చేసింది. ఫోటోలు తీసి పెట్టుకున్నాను, తేదీ, సమయం కనిపించేలా.

ఎంత ఉండాలో లెక్క కట్టడం కష్టం కాదు. ఎక్స్చేంజ్ వైపు యంత్రం సుమారు రెండు నుంచి ఐదు డీబీఎం వెలుతురు పంపుతుంది. ఒక ఫైబర్‌ని ఎనిమిది ఇళ్లకి పంచే స్ప్లిట్టర్ దాదాపు పదిన్నర డీబీ తింటుంది. మా వీధిలోలా రెండు అంచెల్లో ఎనిమిదేసి చొప్పున 64 ఇళ్లకి పంచితే 21 డీబీ పోయినట్టే. ఫైబర్ సొంత నష్టం చాలా తక్కువ, రెండు మూడు కిలోమీటర్లకి ఒక డీబీ లోపే. కనెక్టర్లు ఒక్కోటి 0.3 నుంచి 0.5. మిషన్‌తో అతికించిన జాయింటు 0.1 లోపే. అన్నీ కలిపితే మైనస్ 20, 21 దగ్గర రావాలి. మాకు ఐదారు డీబీ ఎక్కడో కారిపోతోంది. ఇది వాతావరణం పని కాదు. వాన, అప్పటికే అంచు మీద ఉన్న లైన్‌ని కిందికి తోసిందంతే.

మొదట వచ్చిన లైన్‌మన్

మొదట వచ్చిన కుర్రాడు అడాప్టర్ మార్చాడు, రౌటర్ పక్కనే నిలబడి తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ కొట్టాడు, 190 చూపించి ఓటీపీ అడిగాడు. ఆ ఓటీపీ ఇస్తే కంప్లైంట్ మూతపడుతుంది. పవర్ ఎంతుందో కొలిచేదాకా ఇవ్వనని మర్యాదగానే చెప్పాను. అతని దగ్గర మీటర్ లేదు. "సిగ్నల్ లో ఇదె సార్ (సిగ్నల్ తక్కువగా ఉంది), సీనియర్‌ని పంపిస్తా" అని సగం కన్నడంలో, సగం తెలుగులో చెప్పి వెళ్లాడు. మహదేవపుర, మారతహళ్లి వైపు లైన్ పని చేసేవాళ్లకి తెలుగు బాగానే అర్థమవుతుంది, భాష గురించి బెంగ అక్కర్లేదు. "పవర్ ఎష్టు బర్తిదె అన్నా?" (పవర్ ఎంత వస్తోంది అన్నా?) అనే ఒక్క ముక్క కన్నడం వస్తే మాత్రం మాట తీరే మారిపోతుంది, ఇతనికేదో తెలుసని ఎదుటివాడు సర్దుకుంటాడు.

సీనియర్ రావడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. మధ్యలో కంప్లైంట్ "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది, ఓటీపీ ఇవ్వకుండానే. అలాంటప్పుడు పాత డాకెట్ నంబరు (కంప్లైంట్ నంబరు) చెప్పి దాన్నే మళ్లీ తెరవమనండి. కొత్తది ఇస్తే రోజుల లెక్క మొదటికొస్తుంది. ఆ నాలుగు రోజులు మా ఆవిడ ఆఫీసు మీటింగులన్నీ ఫోన్ హాట్‌స్పాట్ మీదే నడిచాయి. రోజుకి రెండు జీబీ ప్యాక్ మధ్యాహ్నానికే అయిపోయేది. డేటా బూస్టర్లకే వంద రూపాయల పైన పోయింది. ఏ పూట కాల్ తెగుతుందో తెలియక, మాట్లాడాల్సిన ముఖ్యమైన విషయాలన్నీ పొద్దున్నే పెట్టుకోవాల్సి రావడం డబ్బు కంటే పెద్ద చికాకు.

సీనియర్ మీటర్‌తో, ఎర్ర లేజర్ పెన్‌తో, ఫైబర్ మొనలు అతికించే స్ప్లైసింగ్ మిషన్‌తో వచ్చాడు. పని మాత్రం చూడముచ్చటగా చేశాడు. మీటర్‌ని 1490 నానోమీటర్లకి పెట్టి స్తంభం మీది డబ్బా దగ్గర కొలిస్తే మైనస్ 20.1. టెర్రస్ మీద మా వైరు జాయింటుకి ముందు మైనస్ 20.3. జాయింటు తర్వాత మైనస్ 24.6. ఇంట్లో రౌటర్ దగ్గర మైనస్ 26.4. వేలు పెట్టి చూపించినట్టు తేలిపోయింది: టెర్రస్ జాయింటులో నాలుగు డీబీ పైన, ఇంట్లోకి దిగే దారిలో దాదాపు రెండు.

ముందు ఇంట్లోది. టీవీ యూనిట్ వెనక ఫైబర్‌ని మేకుకి చుట్టి, ఆ చుట్టు మీద యూనిట్‌ని గోడకి నెట్టి పెట్టారు. లేజర్ పెన్ పెడితే ఆ మలుపు దగ్గర తెల్ల వైరు ఎర్రగా మెరిసింది. వెలుతురు బయటికి కారుతున్న చోటు అది. ఈ పద్ధతి ఇంట్లోని పలుచని తెల్ల, పసుపు వైర్లకే పనిచేస్తుంది. బయట వాడే నల్ల డ్రాప్ వైరు పైతొడుగులోంచి ఏమీ కనబడదు, అక్కడ జాయింట్లు విప్పి చూడాల్సిందే. పాత రకం ఫైబర్‌ని మూడు సెంటీమీటర్ల వ్యాసార్ధం కంటే బిగువుగా వంచకూడదు. వంపు తట్టుకునే కొత్త రకాలు ఒక సెంటీమీటరు దాకా ఓర్చుకుంటాయి. మీ ఇంట్లో ఏ రకం వేశారో తెలియకపోతే పెద్ద నీళ్ల గ్లాసు చుట్టూ తిప్పినంత వెడల్పు వదిలితే చాలు. మేకు తీసేసి వైరు వదులు చేసి, కనెక్టర్ మొనని ఆల్కహాల్‌తో తుడిచి పెడితే మైనస్ 24.9.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఊడదీసిన ఫైబర్ మొనలోకి కంటితో చూడొద్దు, పిల్లల్ని చూడనివ్వొద్దు. లోపల వచ్చే వెలుతురు కంటికి కనబడదు, కానీ అది లేజరే. రెండోది, కనెక్టర్ల రంగు. పచ్చ రంగు మొన ఏటవాలుగా చెక్కి ఉంటుంది, నీలం రంగుది దాదాపు సమంగా ఉంటుంది. పచ్చని నీలంలో పెడితే రెండు మొనలూ సరిగా ఆనవు, మధ్యలో సందు ఉండిపోతుంది, డీబీలు పోతాయి. ఎవరైనా తొందరలో వేరే రంగు ప్యాచ్ కార్డ్ పెట్టి వెళ్లారేమో చూసుకోండి.

తర్వాత టెర్రస్. కనెక్షన్ ఇచ్చిన రోజున స్ప్లైస్ చేయకుండా రెండు ఫాస్ట్ కనెక్టర్లు (మిషన్ లేకుండా చేత్తో బిగించేవి) బిగించి, వాటిని పాలిథిన్ కవర్‌లో చుట్టి, టేప్ వేసి, నీళ్ల ట్యాంకు పైపుకి కట్టేశారు. ఫాస్ట్ కనెక్టర్‌లో ఫైబర్ మొనలు కలిసే చోట సన్నటి జెల్ ఉంటుంది. నీళ్లు, దుమ్ము లోపలికి పోతే ఆ జెల్ పాడై మొనల మధ్య వెలుతురు చెదిరిపోతుంది. కవర్ విప్పితే లోపల నిజంగానే నీటి చుక్కలున్నాయి. ఎండలో ఆరితే కొంత కోలుకోవడం, తడిస్తే పడిపోవడం అందుకే. ఆ ముక్క కోసేసి, ఫైబర్ తొక్క తీసి, తుడిచి, మొన సమంగా తెంపి, మిషన్‌లో పెట్టి అతికించి, పైన రక్షణ గొట్టం వేసి వేడి చేశాడు. పట్టుమని పది నిమిషాల పని. దాన్ని నీళ్లు చొరని డబ్బాలో పెట్టి, వైరు డబ్బా అడుగు నుంచి లోపలికి వెళ్లేలా, దానికి ముందు ఒక వంక కిందికి వేలాడేలా కట్టమన్నాను. వాన నీరు ఆ వంక దగ్గరే కారిపోతుంది. ఇంట్లోకి వచ్చి చూస్తే మైనస్ 20.8.

డబ్బా కోసం, కొత్త వైరు ముక్క కోసం 350 అడిగాడు. కనెక్షన్ వైపు మరమ్మతుకి మనం ఇవ్వాలా అంటే మామూలుగా అక్కర్లేదు. మేము డబ్బాకి మాత్రం ఇచ్చాం, ఎందుకంటే లేకపోతే మళ్లీ పాలిథిన్ కవరే. ఓటీపీ అప్పుడిచ్చాను.

ఆ తర్వాత రెండు పెద్ద వానలు పడ్డాయి. ఎర్ర లైటు రాలేదు.

పడగ్గది మాత్రం అలాగే ఉంది

ఇది ఊహించిందే, పైన చెప్పినట్టు వైరు మీద రాత్రి కూడా స్పీడ్ బాగానే వచ్చింది కదా. ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ తెరిస్తే చుట్టుపక్కల నెట్‌వర్కుల జాబితా తెర కిందికి పోతూనే ఉంది. మా రౌటర్ వైఫై రెండు బ్యాండ్లలో వస్తుంది, 2.4, 5 గిగాహెర్ట్జ్. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి తాకని ఛానళ్లు మూడే: 1, 6, 11. ఆ మూడింటి మీదే ఇన్ని పీజీల రౌటర్లు ఎక్కి కూర్చుంటే రాత్రి అందరూ ఇంటికి చేరాక ఒకరు మాట్లాడేదాకా ఇంకొకరు ఆగాల్సిందే. మధ్యలో 3, 8 లాంటి ఛానల్ పెట్టుకుంటే ఖాళీగా ఉంటుందనుకుంటారు. అది ఇంకా చేటు, రెండు వైపుల గోలా మీదే పడుతుంది. ఛానల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ అని ఉంటే 20కి తగ్గించండి.

ఇంకో సంగతి: 2.4లో 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో ఒకే యాంటెన్నా ఉన్న చవక ఫోన్ లింకు 72 ఎంబీపీఎస్ మించదు. చేతికొచ్చేది అందులో సగం. అంతకి మించి ఏ ప్లాన్ తెచ్చినా దానికి రాదు. 5 గిగాహెర్ట్జ్‌లో 80 మెగాహెర్ట్జ్ వెడల్పు, రెండు యాంటెన్నాలతో వైఫై 5 ఫోన్‌కి లింకు 866. అంత తేడా ఉంది. రౌటర్ రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టి ఉంటే ఫోన్ దూరం నుంచి 2.4కి జారిపోయి, దగ్గరికొచ్చినా అక్కడే వేలాడుతుంది. పేర్లు విడదీశాను. టీవీ, ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు 5కి. స్మార్ట్ ప్లగ్, వైఫై ఉన్న ఏసీ లాంటివి 2.4కి. 36 ఛానల్ దగ్గర ఇళ్లన్నీ మూగి ఉన్నాయి, 149 ఖాళీగా ఉంది, అక్కడికి మార్చాను.

అయినా 5 గిగాహెర్ట్జ్‌కి గోడలంటే పడదు. హాలుకీ పడగ్గదికీ మధ్య ఘనమైన కాంక్రీట్ దిమ్మెల గోడ, దాని మీద అద్దాల వార్డ్‌రోబ్. హాలులో 180 వచ్చేది మంచం మీద 35. రౌటర్‌ని టీవీ వెనక నుంచి తీసి, తల ఎత్తున, గోడకి ఆనించకుండా పెడితే 60 అయింది. పైసా ఖర్చు లేని మార్పు ఇదే కాబట్టి ముందు ఇది చేయండి. రిపీటర్ కొనమని అందరూ చెబుతారు. నేను చెప్పను. వైఫైతో అందుకుని వైఫైతోనే పంచే చవక రిపీటర్ వచ్చిన దాన్ని సగానికి సగం కోసేస్తుంది, పైగా బలహీనమైన సిగ్నల్ ఉన్న గదిలోనే దాన్ని పెడతాం.

గోడలో పాత అద్దెదారు వేయించిన ల్యాన్ కేబుల్ ఒకటి హాలు నుంచి పడగ్గదికి ఉంది. దానికి ల్యాప్‌టాప్ పెడితే 94 వచ్చింది. 94, 95 అనే అంకె కనబడితే వేరే ఆలోచన అక్కర్లేదు, లింకు 100 దగ్గర ఆగింది. 100 ఎంబీపీఎస్‌కి కేబుల్‌లోని ఎనిమిది తీగల్లో నాలుగు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. ఒక్క తీగ తెగినా చాలా పరికరాలు నోరు మెదపకుండా 100కి దిగిపోతాయి. చిన్న కేబుల్ టెస్టర్ పెడితే 7వ లైటు వెలగలేదు. రెండు చివరలా మొనలు కత్తిరించి మళ్లీ క్రింప్ చేయించాను: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. వరస రెండు వైపులా ఒకటే ఉండాలి. ఆకుపచ్చ జత మధ్యలో నీలం జత రావడం చూసి తప్పనుకుని "సరిచేసే" ఎలక్ట్రీషియన్లుంటారు, పక్కనే నిలబడండి. రెండు చివరల క్రింపింగ్‌కి కలిపి ఎలక్ట్రీషియన్ 150 తీసుకున్నాడు.

కొత్త కేబుల్ వేయాల్సి వస్తే బెంగళూరు ఎలక్ట్రానిక్స్ మార్కెట్ ఎస్పీ రోడ్‌లో మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. క్యాట్ 6, పూర్తి రాగి అని అడగండి. అల్యూమినియం మీద రాగి పూత ఉన్నది చవక, కానీ పెళుసు. తీగని కత్తితో గీకి చూస్తే లోపల వెండి రంగు కనబడితే వద్దనేయండి.

పడగ్గది చివర పాత రౌటర్‌నే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (కేబుల్‌లో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచడమే పని) పెట్టాను. ఆ మోడ్ లేని రౌటర్ అయితే డీహెచ్‌సీపీ (పరికరాలకి చిరునామాలు పంచే సెట్టింగు) ఆపేసి, దాని చిరునామా 192.168.1.2కి మార్చి, కేబుల్‌ని వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో పెట్టాలి. లేకపోతే రౌటర్ కింద రౌటర్ అయి, హాలులోని ప్రింటర్ పడగ్గదికి కనబడదు. మంచం మీద ఇప్పుడు 170 వస్తోంది.

ఇంత చేసినా రాత్రి పదింటికి ఒక్కోసారి కాల్‌లో గొంతు ముక్కలయ్యేది, స్పీడ్ టెస్ట్‌లో మాత్రం అంతా బాగే. ఇది పెద్ద డౌన్‌లోడ్‌లో కాదు, అప్‌లోడ్‌లో పట్టుకోవాలి. 8.8.8.8 పింగ్ నడుపుతూ పెద్ద వీడియో ఒకటి గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి చూడండి. మాకు 8 మిల్లీసెకన్లది 250 దాటింది. ఫోన్లు ఛార్జింగ్‌లో పెట్టగానే ఫోటోల బ్యాకప్ మొదలై అప్‌లోడ్ మొత్తం నింపేస్తుంది, కాల్ ప్యాకెట్లు రౌటర్ క్యూలో వెనక నిలబడతాయి. రౌటర్‌లో క్యూఓఎస్ (దేనికి ఎంత వేగమో పంచే సెట్టింగు) ఉంటే అప్‌లోడ్ పరిమితిని అసలు వేగంలో 90 శాతానికి బిగించండి, క్యూ పెరగదు. కంపెనీ ఇచ్చిన డబ్బాలో ఆ సౌకర్యం లేదు కాబట్టి బ్యాకప్‌ని అర్ధరాత్రి తర్వాతకి మార్చాం.

డీఎన్ఎస్‌ని (వెబ్‌సైట్ పేరుకి చిరునామా వెతికి ఇచ్చే సర్వర్‌ని) 1.1.1.1కో 8.8.8.8కో మార్చమని అందరూ చెబుతారు. కంపెనీ డీఎన్ఎస్ మొరాయించినప్పుడు పేజీ మొదలవడానికి పట్టే ఆలస్యం తగ్గుతుంది, అంతే. వేగం పెరగదు.

కరెంటు మిణుకుకి రౌటర్ రీస్టార్ట్ అయి మళ్లీ కలవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఇన్వర్టర్ లేని ఇంటికి పన్నెండొందల దగ్గర దొరికే చిన్న రౌటర్ యూపీఎస్ చాలు. కొనేముందు అడాప్టర్ మీద రాసింది చదవండి: 12 వోల్టులా, 9 వోల్టులా, ఎన్ని ఆంపియర్లు. వోల్టేజ్ తప్పితే డబ్బా కాలిపోవచ్చు, డబ్బా కంపెనీది కాబట్టి డబ్బు కట్టాల్సి వస్తుంది. ఒక తిరకాసు ఉంది. కొన్ని కంపెనీలు ఇంటి దాకా ఫైబర్ ఇవ్వవు, అపార్ట్‌మెంట్ కింద స్విచ్ డబ్బా పెట్టి అక్కడి నుంచి ల్యాన్ కేబుల్ లాగుతాయి. ఆ స్విచ్‌కి బ్యాకప్ లేకపోతే ఇంట్లో యూపీఎస్ ఉన్నా లాభం లేదు. అలాంటి కనెక్షన్‌లో పిడుగుపాటుకి పోర్టు పోవడం, కేబుల్ 100 మీటర్లు దాటి లింకు తెగడం చూసుకోవాలి. డీబీఎం లెక్కలు అక్కడ వర్తించవు.

చివరగా డబ్బు సంగతి. లైన్ బాగైన వారం తర్వాత, డాకెట్ నంబర్లు, పవర్ ఫోటోలు, పింగ్ తెగిన సమయాలు జతచేసి కంపెనీ అప్పీలేట్ అథారిటీకి (కస్టమర్ కేర్ పైన అప్పీళ్లు చూసే విభాగానికి) మెయిల్ పెట్టాను. ప్రతి కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ చిరునామా ఉండాలి, చాలామంది కింద మూలన దాస్తారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి రాయడం వృథా, వ్యక్తుల ఫిర్యాదులు అది తీసుకోదు. అప్పీల్‌లోనూ తేలకపోతే టెలికాం శాఖ పేరు మీద సీపీగ్రామ్స్ అనే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో వేయొచ్చు. నాకు అంత దూరం పోలేదు. పది రోజులకి ఫోన్ చేసి, మొత్తం నెల ప్లాన్ డబ్బు వెనక్కి ఇవ్వలేమని, కంప్లైంట్ తెరిచి ఉన్న రోజులకి మాత్రం తగ్గిస్తామని చెప్పారు. జూన్ బిల్లులో 189 రూపాయలు తగ్గింది. డేటా బూస్టర్ల డబ్బు అడిగితే అది తమ పాలసీలో లేదన్నారు.